రోడ్డు పక్కన నాలుగు నిమిషాలు

అరొరంగి, రారోటోంగా
1996 మార్చి 10, ఆదివారం

తెకూరా అక్కా,

ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ మీ ఐతూతాకిలో లైను కలిపే ఆవిడ మన మాటలు మొత్తం విని, నువ్వు ఇల్లు చేరేలోపే ఊరంతా చెప్పేస్తుంది. ఇది అలా ఆదరాబాదరాగా చెప్పే సంగతి కూడా కాదు. కుర్చీ లాక్కుని కూర్చుని చదువు.

"దీవి మొత్తానికి ఉన్నదే ఒక్క రోడ్డు, అది కూడా గుండ్రంగా తిరిగి మొదటికే వస్తుంది, దానికి ట్రాఫిక్ పోలీసు ఎందుకురా" అని వేళాకోళం చేశావు గుర్తుందా? గుండ్రంగా ఉండటమే నాకు కలిసొచ్చింది. నా నుంచి పారిపోయినవాడు ముప్పావుగంటలో మళ్ళీ నా ముందుకే వస్తాడు.

నిన్న మధ్యాహ్నం చర్చి గోడ నీడలో స్పీడ్ గన్ పట్టుకుని నిలబడ్డాను. టిటికవేకా వైపు నుంచి ఒక పాత పికప్ బండి డెబ్బై ఎనిమిదిలో వచ్చింది. ఆపాను. నడిపేవాడు చెమటలు కక్కుతున్నాడు. పక్కన భార్య. పొట్ట ఇంత ఎత్తున ఉంది. రెండు చేతులతో దాన్ని పట్టుకుని మూలుగుతోంది.

"సారూ, మీకు దణ్ణం పెడతా. నొప్పులు మొదలై గంటయింది. చలానా తర్వాత రాసుకోండి, నేనే స్టేషనుకొచ్చి తీసుకుంటా" అన్నాడు.

ఆ అమ్మాయి కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది, వణుకుతోంది. అక్కా, నేను ఇంకో ప్రశ్న వెయ్యలేదు. మోటారు సైకిలెక్కి, సైరన్ వేసి, ముందు నేను, వెనక వాళ్ళు. దారిపొడుగునా బళ్ళన్నీ పక్కకు తప్పుకున్నాయి. ఆసుపత్రి గుట్ట మలుపు దగ్గర రోడ్డుకు అడ్డం నిలబడి, ఎదురుగా వస్తున్న బస్సును చెయ్యెత్తి ఆపేశాను. వెనకనుంచి వాళ్ళ బండి నన్ను దాటి దూసుకుపోయింది. "మగబిడ్డ పుడితే మీ పేరే పెడతాం సారూ" అని అతను అరవడం వినిపించింది.

బస్సులోని ముసలమ్మలు చప్పట్లు కొట్టారు.

ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. పోలీసు అంటే ఏమిటో నిన్ననే తెలిసింది. ఇరవై ఏళ్ళుగా కాన్పులు చేస్తున్నదానివి, ఈ ఆనందం నీకు అలవాటే అయి ఉంటుంది. నాకు మాత్రం రాత్రి అన్నం కూడా సయించలేదు.

నీ తమ్ముడు
మతాయో


అముఱి, ఐతూతాకి
మార్చి 19

ఒరే మతాయో,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నా నవ్వు విని పక్క గదిలోంచి మీ బావ పరిగెత్తుకొచ్చాడు, నాకేదో అయిందని.

నర్సుగా కొన్ని ప్రశ్నలు అడుగుతాను, ఏమనుకోకు. ఆ అమ్మాయి మూలుగు ఆగి ఆగి వచ్చిందా, నువ్వు చూసినప్పుడల్లా వచ్చిందా? పొట్ట కిందికి జారి ఉందా, లేక బండి గతుకుల్లో పడ్డప్పుడు ఎడమ పక్కకు దొర్లిందా? ఆఖరి ప్రశ్న. ఆ బండి గుట్ట ఎక్కడం నీ కళ్ళారా చూశావా, లేక అప్పుడు నీ వీపు దానివైపు, నీ చెయ్యి బస్సువైపు ఉన్నాయా?

గుట్ట ఎక్కకుండా నేరుగా పోతే ఏమొస్తుందో నీకు నేను చెప్పాలా? విమానాశ్రయం.

శనివారం ఆఖరి విమానం ఇక్కడ నాలుగూ ముప్పావుకు దిగింది. ఏదో పని మీద నేను అక్కడే ఉన్నాను. నీ గర్భిణి మెట్లు చకచకా దిగింది. పొట్ట చంకలో పెట్టుకుని దిగింది. కాన్పు బండిలోనే అయిపోయిందట. బిడ్డ నాలుగున్నర కిలోలు. ఆకుపచ్చ రంగు. జుట్టు లేదు కానీ నెత్తిన చిన్న తొడిమ ఉంది. అమ్మాయి పేరు మెరియానా, ఆమె మొగుడి పేరు తేరే. వాళ్ళకు పెళ్ళై నాలుగేళ్ళైంది, పిల్లల్లేరు, ఇప్పుడప్పుడే పుట్టే సూచనలు కూడా లేవు.

ఆ సాయంత్రం నీ పేరు పెట్టాల్సినవాణ్ణి కోసి, ఉడికించి, కొబ్బరిపాలు పోసి గుమ్మడి పోకే చేశాం. నేను రెండు గరిటెలు తిన్నాను. చాలా తియ్యగా ఉన్నాడు, మన వంశం పోలిక రాలేదు.

బాధపడకు. నీ చెయ్యి పట్టుకున్నప్పుడు ఆమె చెయ్యి వణకడం మాత్రం నిజమేనని నా నమ్మకం. అన్నం తిను.

మీ అక్క
తెకూరా


అరొరంగి
ఏప్రిల్ 21

అక్కా,

నీ ఉత్తరం కంటే ముందే కబురు వచ్చేసింది. నీకు రాసిన మర్నాడే, సోమవారం, స్టేషనుకి వెళ్ళేసరికి నా బల్ల మీద గుమ్మడికాయ ఉంది. దానికి నా టోపీ పెట్టి ఉంది. సార్జెంట్ పపాతువా గారు వచ్చి, దాని ముందు వంగి "మీ నాన్నగారు డ్యూటీకి వచ్చారా బాబూ?" అని అడిగారు. నాకు ఇక్కడ పేరు మారిపోయింది. బడిపిల్లలు కూడా "గుమ్మడి సారూ" అని అరిచి చెట్ల వెనక్కి పరిగెడుతున్నారు. చర్చిలో నా పక్కన కూర్చునే ముసలాయన పాట మధ్యలో ఆగి, భుజాలు కదిలేలా నవ్వుకున్నాడు.

సరే. నవ్వేవాళ్ళని నవ్వనీ. నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఇకమీదట రోడ్డు మీద నాకు కళ్ళే ఉంటాయి, చెవులు ఉండవు. యాభై దాటితే చలానా. కారణం దేవుడికి చెప్పుకోండి.

ఈ నెలలో నేను విన్న కారణాలు చెప్పనా? ఒకడు తన పంది ఈనుతోందన్నాడు. ఒకావిడ పాటల బృందంలో మొదటి స్వరం ఎత్తేది తనేనట, తను ఆలస్యమైతే చర్చి మొత్తం అపస్వరంలో పాడుతుందట. ఒకడు పంటి నొప్పి అన్నాడు. నోరు తెరవమన్నాను. తెరిచాడు. టార్చి వేసి చూశాను. ఆ పక్కన ఒక్క పన్ను కూడా లేదు. "ఊడిపోయిన చోటే నొప్పి సారూ" అన్నాడు. రాసిచ్చాను.

నిన్న ఒక పెద్దమ్మ తన తమ్ముడు చెట్టు మీంచి పడ్డాడని ఏడ్చింది. తమ్ముడి పేరు అడిగాను. చెప్పడానికి ఆలోచించింది. రాసిచ్చాను.

ఇప్పటికి అరవై ఒక్క చలానాలు. దీవి మొత్తం మీద నాదే ఎక్కువ. సార్జెంట్ గారు నవ్వడం మానేశారు. "పర్వాలేదురా, గట్టిపడ్డావు" అన్నారు.

నువ్వు కూడా నవ్వడం మానెయ్యి.

మతాయో


అముఱి, ఐతూతాకి
మే 12

ఒరే తమ్ముడూ,

పంటివాడి దగ్గరకొచ్చేసరికి నవ్వాను, క్షమించు. పెద్దమ్మ దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. భయంలో ఉన్న మనిషి తన సొంత పేరే మర్చిపోతుంది. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో సగంమంది ఏ సంవత్సరంలో పెళ్ళయిందో చెప్పలేరు, మొగుడు పక్కనే నిలబడి ఉన్నా సరే. ఆవిడ తమ్ముడు నిజంగా చెట్టు మీంచి పడ్డాడేమో కనుక్కున్నావా? కనుక్కోలేదని తెలుసు. చెవులు లేవు కదా.

గట్టిపడటం మంచిదే అంటున్నారు మీ సార్జెంటు. ఎండిన రొట్టె కూడా గట్టిపడుతుంది. దాన్ని ఎవరు తింటారో చెప్పమను.

ఆ గుమ్మడికాయ గురించి నీకు చెప్పాల్సింది ఒకటి మిగిలింది. ఇప్పుడు చెప్పలేను, ఒకరికి మాటిచ్చాను. చెప్పేదాకా కొంచెం మెత్తగా ఉండు. ఇది అక్కగా అడుగుతున్నాను. కావాలంటే నర్సుగా కూడా అడుగుతాను.

మీ బావ కొత్త పడవకి నీలం రంగు వేశాడు. ఇంటికి, కుక్కకి కూడా కొంత అంటింది.

తెకూరా


అరొరంగి
జూన్ 16

అక్కా,

నేను బాగానే ఉన్నాను. ఇక్కడ వానలు పడుతున్నాయి. చేపలు అంతగా దొరకడం లేదు. నన్ను స్పీడ్ గన్ పని నుంచి తీసి, బడి దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించే పనిలో వేశారు. బావను అడిగినట్టు చెప్పు.

మతాయో


అముఱి, ఐతూతాకి
జూన్ 24

మతాయో,

నీ ఉత్తరంలో ఐదారు ముక్కలున్నాయి. ఒక్క వేళాకోళం లేదు. చిన్నప్పుడు అమ్మ ఇస్త్రీపెట్టె పగలగొట్టిన రోజు కూడా నువ్విలాగే వాన గురించి మాట్లాడావు.

నీ చేతిలోంచి స్పీడ్ గన్ ఎందుకు తీసేశారు? అరవై ఒక్క చలానాలు రాసినవాణ్ణి ఊరికే పిల్లల దగ్గర నిలబెట్టరు. కొట్టావా? ఎవరినైనా తిట్టావా? బండి కింద ఎవరైనా పడ్డారా?

ఏం చేశావో రాయి. నేను చదివి కోప్పడతాను. కోప్పడటం అయ్యాక మళ్ళీ మీ అక్కనే. ఈ వరుసలోనే జరుగుతుంది, నీకు తెలుసు. అబద్ధం రాయకు. నీ అక్షరాలు చూస్తే నాకు తెలిసిపోతుంది.

తెకూరా


అరొరంగి
జూలై 3

అక్కా,

రాస్తున్నాను. నాలుగు కాగితాలు చింపాను.

జూన్ ఆరో తారీఖు, గురువారం. మధ్యాహ్నం రెండూ ఇరవై. అదే చర్చి గోడ దగ్గర నిలబడ్డాను. డీకన్ తాత బండి డెబ్బై రెండులో వచ్చింది. డీకన్ తాత అంటే నీకు గుర్తుండాలి. మా చర్చిలో పాస్టరుకు సాయంగా ఉండి గంట మోగించే పెద్దమనిషి, తెల్ల టోపీ. పాట మధ్యలో నా మీద నవ్వుకున్నాడని రాశానే, ఆయనే. ఊళ్ళో అందరూ డీకన్ తాత అనే పిలుస్తారు. ఆయన అసలు పేరు నాకు ఆ రోజు లైసెన్సు చూసేదాకా తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ రోడ్డు మీద నలభై దాటనివాడు.

అది నేను ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

"నాయనా, మా ఆవిడకి బాగాలేదు, ఆసుపత్రికి పోవాలి" అన్నాడు.

పక్కన అకేవాయి అవ్వ కూర్చుని ఉంది. తల కిటికీకి ఆనించి ఉంది. ఒళ్ళో ఒక దుప్పటి, ఉండలా చుట్టి. నిద్రపోతున్నట్టుంది. నాకు కనిపించింది ఆ దుప్పటి ఒక్కటే. పాట మధ్యలో ఈయన నవ్విన నవ్వు గుర్తుకొచ్చింది. మళ్ళీ నాతో ఆడుకుంటున్నారనుకున్నాను.

నేను వంగి, ఆ దుప్పటిని వేలితో పొడిచి, "ఈసారి ఏం కాయ అవ్వా?" అన్నాను.

ఆమె పలకలేదు. నటిస్తోందనుకున్నాను. లైసెన్సు అడిగాను. ఆయన దాన్ని కిందపడేశాడు. తీసి ఇచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాను. నోటుబుక్కు తీశాను. టైము రాశాను. బండి నంబరు రాశాను. శిక్షణలో నేర్పినట్టు, నడిపేవాడు చెప్పిన మాటలు కూడా రాశాను, ఆయన చెబుతూనే ఉన్నాడు, నేను తలెత్తకుండా రాస్తూనే ఉన్నాను. చక్కటి దస్తూరీలో రాశానక్కా. అదే నన్ను తినేస్తోంది.

అప్పుడు ఆయన మాట్లాడటం ఆపేశాడు. బండి దిగాడు. నా దగ్గరికొచ్చి, తాళంచెవి నా నోటుబుక్కు మీద పెట్టాడు.

"నన్ను నమ్మకపోతే పోనీ. నువ్వే నడుపు" అన్నాడు. "యాభైలోనే నడుపు, నీ ఇష్టం. కానీ ఇప్పుడు నడుపు."

అప్పుడు చూశాను అవ్వ ముఖాన్ని. సగం నోరు కిందికి జారిపోయి ఉంది. ఒక కన్ను నా వైపే చూస్తోంది. నిద్రలో లేదు. మొదటినుంచీ లేదు.

నేను నడిపాను. తొంభైలో నడిపాను. ఆమెను చేతుల మీద ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాను. తర్వాత నోటుబుక్కు చూసుకుంటే, ఆపిన టైముకీ బయలుదేరిన టైముకీ మధ్య నాలుగు నిమిషాలు.

ఆమె బతికింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా రాలేదు.

సార్జెంటుకు నేనే చెప్పాను. డీకన్ తాత ఎవరికీ చెప్పలేదు. "కుర్రాడే నడిపి తీసుకెళ్ళాడు, దేవుడిలా కనబడ్డాడు" అని చర్చిలో చెప్పాడట. జనం వచ్చి నా భుజం తడుతున్నారు. ఒకావిడ నా మెడలో పూలదండ వేసింది. ఇంటికొచ్చి తీసేసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక బయట మెట్టు మీద కూర్చున్నాను.

నర్సుగా చెప్పు. నాలుగు నిమిషాలంటే ఎంత?

మతాయో


అముఱి, ఐతూతాకి
జూలై 14

మతాయో,

ముందు కోపం. దుప్పటిని వేలితో పొడిచావు. ముఖం చూడకుండా దుప్పటిని చూశావు. నా దగ్గర పనిచేసే పిల్ల ఎవరైనా ఇలా చేస్తే ఆ రోజే ఇంటికి పంపేస్తాను. అయిపోయింది. ఇంతకంటే ఎక్కువ నువ్వే అనుకుని ఉంటావు.

నాలుగు నిమిషాలంటే ఎంతో నాకు తెలియదు. ఏమీ కాదని చెబితే అబద్ధం. అంతా వాటివల్లేనని చెప్పినా అబద్ధమే. ఏ డాక్టరూ దాన్ని తూచి చెప్పలేడు. నువ్వు ఆ తెలియకపోవడంతోనే ఉండాలి. మా పనిలో అందరం అలాగే ఉంటాం.

ఇప్పుడు నా వంతు.

ఆ శనివారం నేను విమానాశ్రయంలో "ఏదో పని మీద" ఉన్నానని రాశాను. ఆ పని ఏమిటంటే, తేరేని, మెరియానాని ఎక్కించుకుని ఆమె తండ్రి దగ్గరికి తీసుకుపోవడం. తమారువా అని, ఇక్కడ వాయిపేలో ఉండేవాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆ పొద్దున వాళ్ళకు ఫోన్ చేసి, "ఇవాళ రాకపోతే ఇక వచ్చి లాభం లేదు" అన్నది నేనే. ఆదివారం విమానాలుండవు. ఆయన సోమవారం దాకా ఉండడని నాకు తెలుసు.

గుమ్మడికాయ ఆయన కోసమే. చివరిసారిగా గుమ్మడి పోకే తినాలని అడిగాడట. నువ్వు బండి ఆపగానే మెరియానా దాన్ని బట్టల్లోకి తోసేసింది. ఎందుకమ్మా అలా చేశావు, ఉన్నమాట చెప్పొచ్చు కదా అన్నాను. "బిడ్డ పుడుతోందంటే ఎవరైనా దారిస్తారు. నాన్న పోతున్నాడంటే, పోయేవాళ్ళు ఎటూ పోతారు, నువ్వు నెమ్మదిగా పో అంటారేమోనని భయమేసింది" అంది. నీ చెయ్యి పట్టుకుని వణికింది అందుకే.

తమారువా మంచం పక్కన కూర్చుని ఆమె నీ కథంతా చెప్పింది. సైరన్, బస్సు, ముసలమ్మల చప్పట్లు. ఆయనకు నవ్వడానికి ఊపిరి లేదు. అయినా నవ్వాడు. "మనవడేడీ, తీసుకురండి" అన్నాడు. గుమ్మడికాయను ఒళ్ళో పెట్టించుకుని, తల నిమిరి, "మా అత్తగారి పోలిక" అన్నాడు. పోకే రెండు చెంచాలు తిన్నాడు. ఆదివారం మధ్యాహ్నం పోయాడు.

నాన్న చావుబతుకుల్లో ఉండగా పోలీసుతో ఆటలాడిందని ఊరు అంటుందేమోనని ఆమెకు సిగ్గు, భయం. నాన్న సంగతి ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. నవ్వు ఒక్కటే బయటికి రావాలంది. నేను నవ్వునే నీకు పంపాను. నేను రాసిన ఆ నవ్వే నిన్ను రాయిని చేసింది. నీ నాలుగు నిమిషాల్లో ఒకటి నాది. కాదనకు, ఇవ్వను.

నీ ఉత్తరం చదివాక ఆమెకు ఫోన్ చేసి, చెప్పక తప్పదన్నాను. ముందు ఒట్టు గుర్తుచేసింది. తర్వాత, "ఆ రోజు ఆయన ఆపి ప్రశ్నలు వేసుంటే మా నాన్నను చూసేదాన్ని కాదు. ఆ మాట ఆయనకు రాయండి" అంది. రాశాను.

ఇక నర్సుగా ఒక్క సలహా. నిజమో అబద్ధమో రోడ్డు మీద తేల్చకు. ముందు నువ్వు పో, వెనక వాళ్ళని రానీ, ఆసుపత్రి గుమ్మంలో తేల్చుకో. అక్కడ రాసినా చలానా మీద సిరా ఆరుతుంది.

అకేవాయి అవ్వను చూడటానికి వెళ్ళావా? పూలదండ వేసుకుని కాదు. ఉత్తి చేతులతో.

మీ అక్క


అరొరంగి
ఆగస్టు 18

అక్కా,

ముందు కొంచెం నవ్వించి మొదలుపెడతాను, నువ్వు అలవాటుపడ్డావు కాబట్టి.

గన్ తిరిగి ఇచ్చారు. నీ సలహా సార్జెంట్ గారికి చెప్పాను, "ఇది మా ఆవిడ చెప్పాల్సిన మాటలా ఉంది" అని ఒప్పుకున్నారు. పోయినవారం ఒకడు తొంభైలో వచ్చాడు. కడుపునొప్పి, చచ్చిపోతున్నా అన్నాడు. నేను ఒక్క ప్రశ్న వెయ్యలేదు. సైరన్ వేసి గుమ్మం దాకా తీసుకెళ్ళి, లోపలికి నడిపించి, మంచం మీద పడుకోబెట్టి, నర్సుకు అప్పగించి పక్కనే నిలబడ్డాను. ఆవిడ పొట్ట నొక్కి చూసి, ఎనిమా ఇవ్వడానికి రబ్బరు గొట్టం, సబ్బునీళ్ళ బకెట్టు తెమ్మంది. అతను లేచి కూర్చుని, "సారూ, చలానా రాయండి, మీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు. నేనేం తొందరపడలేదు. బకెట్టు వచ్చాకే రాశాను.

అంతకుముందు రోజు ఒక పిల్లాడికి ఆయాసం. అది నిజం. పిల్లాడు ఇప్పుడు బాగున్నాడు. ముఖం ముందు చూశానక్కా.

చెట్టు మీంచి పడ్డ తమ్ముడి గురించి కూడా కనుక్కున్నాను. పడ్డాడు. కాలు విరిగింది. పేరు తేపోయి. వెళ్ళి పెద్దమ్మకు మొహం చూపించాను. తిట్టి, తర్వాత అన్నం పెట్టింది.

ఇక అవ్వ సంగతి.

మూడు గురువారాలు వాళ్ళ గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. నాలుగోసారి డీకన్ తాత చూసి, "గేటుకు కాపలా కాయమని ఎవరైనా చెప్పారా? లోపలికి రా" అన్నాడు.

అవ్వ కిటికీ పక్కన కుర్చీలో ఉంది. ఒళ్ళో అదే దుప్పటి. నేను వెళ్ళి నేల మీద కూర్చున్నాను. ఏం చెప్పాలో వారం రోజులు వల్లెవేసుకున్నాను. మొదలుపెట్టబోతే ఆమె ఎడమచెయ్యి ఎత్తి ఆపింది. తర్వాత, నోరు ఒక పక్కకే కదులుతోంది, ఒక్కో అక్షరం కూడబలుక్కుని అంది:

"బొప్పాయి."

నాకు అర్థం కాలేదు.

"అడిగావుగా. ఏం కాయ అని. అప్పుడు నోరు రాలేదు."

అక్కా, నేను తల కిందికి దించేసి ఏడ్చాను. ఆమె ఎడమచేత్తో నా జుట్టు పట్టుకుని తల పైకి లేపింది. మెత్తగా కాదు. గట్టిగానే లాగింది.

"అవ్వా, నన్ను క్షమిస్తావా?" అన్నాను.

"ఆలోచిస్తున్నా" అంది. "బండి గడియారం చూశా. నాలుగు నిమిషాలు నావి. తొందరేం లేదు."

తర్వాత ఆమె కన్ను మెరిసింది. డీకన్ తాత వైపు చూపించి, "నేను అంతా విన్నా. బండిలో. ఈయన ఏదో అన్నాడు. ఇంటికొచ్చాక అడిగితే, అనలేదంటాడు" అంది.

"నేనేం అనలేదు" అన్నాడు డీకన్ తాత. "భయంలో మనిషి ఏదేదో వాగుతాడు."

"నువ్వు రాసుకున్నావు" అంది ఆమె నాతో. "చదువు."

నోటుబుక్కు నా జేబులోనే ఉంది. ఆ రోజునుంచి ఆ పేజీ నేను తెరవలేదు. సార్జెంటుకు కూడా చదివి వినిపించలేదు, నీకూ రాయలేదు. అది నా దగ్గర ఉండాల్సిన మాట కాదనిపించింది. డీకన్ తాత ముఖం చూశాను. ఆయన పైకప్పు చూస్తున్నాడు. నేను లేచి నిలబడి, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు చదివాను.

"జూన్ ఆరు, మధ్యాహ్నం రెండూ ఇరవై రెండు. నడిపే వ్యక్తి చెప్పినది: బాబూ, ఊళ్ళో అందరికీ నేను డీకన్ని. నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఈ భూమ్మీద ఇది ఒక్కతే మిగిలింది. ఇది పోతే నా పేరు కూడా పోతుంది. నన్ను వెళ్ళనీ."

డీకన్ తాత లేచి, టోపీ పెట్టుకుని, "టారో దుంపల మడికి నీళ్ళు పెట్టాలి" అని బయటికి వెళ్ళిపోయాడు. పొద్దుననుంచీ వాన పడుతూనే ఉంది.

అవ్వ ఆయన వెళ్ళిన గుమ్మం వైపు చూసి, నా వైపు తిరిగి, "మళ్ళీ చదువు" అంది.

మళ్ళీ చదివాను. ఈసారి నెమ్మదిగా చదివాను. సగం చదివేసరికి చూశాను, కిటికీ బయట, అంచుకు కొంచెం పైన, తెల్లగా ఒక టోపీ పైభాగం కదలకుండా ఉంది. వానకు తడుస్తోంది. నేను ఆగిపోయాను. చదవమని ఆమె వేలు ఆడించింది. చివరిదాకా చదివాను.

అప్పుడు అవ్వ కిటికీ వైపు వంగి, ఉన్న సగం నోటితోనే, అక్షరాలు కూడబలుక్కుని, పిలిచింది.

"తుటాయీ. లోపలికి రా. తడుస్తున్నావు."

నీ తమ్ముడు
మతాయో